నీలి ప్యాంటు – నీలివార్తలు

తెలుగులో ఆధారం లేని పుకారుని నీలివార్త అంటాం కదా. ఈ మాట వెనక ఒక మూఢనమ్మకం ఉందని చెబుతారు. పూర్వం అద్దకంవాళ్ళ నీలిమందు తొట్టి ఒక్కోసారి చెడిపోయేది. ఎంత కలిపినా రంగు వచ్చేది కాదు. అప్పుడు ఒక పెద్ద అబద్ధం పుట్టించి ఊళ్ళోకి వదిలితే, అది నలుగురి నోళ్ళలోనూ పడేసరికి తొట్టిలో నీలం తిరిగి వస్తుందని వాళ్ళ నమ్మకం. హిందీలో కూడా నీలి చెడిపోయిందంటే ఎక్కడో అబద్ధపు వార్త పుట్టిందని అర్థం. సున్నం పాళ్ళో, వేడో సర్దుకుంటే తొట్టి దానంతటదే కుదురుకునేది. ఖ్యాతి మాత్రం మధ్యలో పుట్టించిన అబద్ధానికి దక్కేది! తాయెత్తు కట్టాక జ్వరం తగ్గిందనే వాళ్ళ తర్కం కూడా ఇదే.

తొట్లు పోయాయి, నీలివార్తలు మాత్రం పోలేదు. ఇప్పుడు అవి నీలిరంగు ప్యాంటు చుట్టూ తిరుగుతున్నాయి. జీన్సు మన సంస్కృతి కాదని కొందరు, జీన్సు వల్లే ఆడపిల్లలు చెడిపోతున్నారని మరికొందరు. ఇది ఒక వైపు. రెండో వైపు జీన్సు అంటే స్వేచ్ఛ, సాహసం, తిరుగుబాటు అని అమ్ముకునే కంపెనీలు. 150 ఏళ్ళు దాటినా ఈ గుడ్డ మీద మోజు ఎందుకు తగ్గలేదో తెలుసుకోవాలంటే ఇద్దరి మాటలూ పక్కన పెట్టి సరుకుని చూడాలి.

ముందు రసాయన శాస్త్రం. నీలిమందు నీళ్ళలో కరగదు. క్షారం కలిపి, దానిలోంచి ఆక్సిజన్‌ని లాగేస్తేనే కరుగుతుంది. కరిగినప్పుడు అది నీలంగా ఉండదు, పసుపుపచ్చగా ఉంటుంది. నూలుని అందులో ముంచి పైకి తీస్తే గాలి తగిలి కళ్ళముందే ఆకుపచ్చగా, ఆపైన నీలంగా మారుతుంది. మన హేతువాద సంఘాల కార్యకర్తలు పసుపు, సున్నం కలిపి ‘రక్తం’ తెప్పించి చూపిస్తారే, దాదాపు అంత నాటకీయంగా ఉంటుంది. ఏ బాబా కంటా పడలేదు కానీ, పడి ఉంటే దీని పేరిట ఒక ఆశ్రమం వెలిసేది!

ఇలా ఎన్నిసార్లు ముంచినా రంగు దారం పైపొరల్లోనే ఉండిపోతుంది, లోపలి పోగులు తెల్లగానే ఉంటాయి. డెనిమ్‌లో పడుగు దారాలకే ఈ రంగు వేస్తారు. పేక దారాలు తెల్లవి. పేక దారం మూడు పడుగు దారాల కింద నుంచి, ఒకదాని మీదుగా వెళ్తుంది. అందుకే బట్ట ముఖం నీలంగా, వెనకవైపు తెల్లగా ఉంటుంది. ముఖం మీద ఏటవాలు గీతలు కనిపిస్తాయి. మోకాలు, జేబు అంచు, తొడ మీద మడత, ఇలా రాపిడి తగిలిన చోటల్లా పైపొర అరిగి లోపలి తెలుపు బయటపడుతుంది. అంటే ఈ బట్ట తొడుక్కున్నవాడి పనినీ నడకనీ తన మీద రాసుకుంటుంది. ఇద్దరు ఒకే రోజు, ఒకే కొట్లో, ఒకే రకం ప్యాంటు కొన్నా ఏడాది తిరిగేసరికి అవి రెండు వేరు వేరు ప్యాంట్లు.

రక్షణ శాఖ అకౌంట్స్‌లో ముప్పై ఏళ్ళకి పైగా బిల్లులు చూసినవాణ్ణి కాబట్టి నాకు తోచేది ఇది. లెక్కల పుస్తకంలో ప్రతి వస్తువుకీ తరుగుదల ఉంటుంది. వాడినకొద్దీ విలువ తగ్గుతుంది. సిపాయి యూనిఫారం అరిగిపోతే దాన్ని పనికిరానిదిగా తేల్చి లెక్కలోంచి తీసేస్తారు. కొన్నవాడి దృష్టిలో తరుగుదలతో పాటు విలువ పెరిగే బట్ట నాకు తెలిసి ఇదొక్కటే. మోజుకి ఒక కారణం ఇది. మిగతావి మరీ మామూలు కారణాలు. మన్నిక ఎక్కువ, మాసినా కనపడదు, ఇస్త్రీ అక్కర్లేదు. ఆడపిల్లలకి ఇంకో సంగతి కూడా ఉంది. చేతిసంచీ లేకుండా బయటికి వెళ్ళడానికి వీలుగా నిజమైన జేబు ఉంటుంది. దీనిలో మంత్రమూ లేదు, మాయా లేదు.

ఇక నీలివార్తల సంగతి చూద్దాం.

మొదటిది కంపెనీలు ప్రచారం చేసిందే. అమెరికాలో బంగారు గనుల వేట రోజుల్లో లెవీ స్ట్రాస్ గని కార్మికుల కోసం జీన్సు కనిపెట్టాడని చాలామంది నమ్ముతారు. కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది 1848లో. లెవీ స్ట్రాస్ శాన్‌ఫ్రాన్సిస్కోలో గుడ్డల టోకు వర్తకుడు. ప్యాంటు జేబులు చిరిగిపోకుండా మూలల్లో రాగి రివిట్లు కొట్టే ఉపాయం నెవాడాలోని రీనో ఊరి దర్జీ జేకబ్ డేవిస్‌ది. పేటెంటు ఖర్చు పెట్టుకునే స్తోమత లేక, తనకి గుడ్డ సరఫరా చేసే స్ట్రాస్‌కి 1872లో ఉత్తరం రాశాడు. ఇద్దరి పేరునా పేటెంటు వచ్చింది 1873 మే 20న. అంటే బంగారం వేట మొదలైన పాతికేళ్ళకి! దర్జీ పేరు మరుగున పడింది, వర్తకుడి పేరు ప్యాంటు వెనక తోలుబిళ్ళ మీద నిలిచింది. లోకంలో ఇది కొత్తేమీ కాదు.

రెండోది, జీన్సు విదేశీ దిగుమతి అన్న మాట. డెనిమ్ అన్న పేరు ఫ్రాన్సులోని నీమ్ ఊరి నుంచి, జీన్ అన్న పేరు ఇటలీలోని జెనోవా నుంచి వచ్చాయని అంటారు. మరి డంగ్రీ? బొంబాయిలో డోంగ్రీ పేరుతో చలామణీ అయిన ముతక బట్ట నుంచి వచ్చిన మాట అది. ఇండిగో అంటేనే ఇండియా నుంచి వచ్చినది అని అర్థం. అనిలిన్ అన్న రసాయనం పేరులో మన ‘నీల’ శబ్దమే ఉంది. బ్రిటిషు కాలంలో మన కడప, కర్నూలు, నెల్లూరు జిల్లాల్లో నీలిమందు పంట విస్తారంగా ఉండేది. ఇప్పుడు అనంతపురం జిల్లా రాయదుర్గంలో, పక్కనే కర్ణాటక బళ్ళారిలో ఎన్నో కుటుంబాలు జీన్సు కుట్టుకుని బతుకుతున్నాయి. రాయదుర్గంలో తెలుగు ఆడవాళ్ళ చేతుల మీదుగా తయారైన ప్యాంటు తెలుగు ఆడపిల్ల తొడుక్కుంటే పరాయిది ఎలా అవుతుందో చెప్పేవాళ్ళు లేరు.

మా ఖరగ్‌పూర్‌లో ఈ నీలం ముందు పనివాడి బట్టగానే తెలుసు. బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపులో పని కోసం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్ళు వచ్చారు. షిఫ్టు వదిలేసరికి గ్రీజు మరకల నీలి డంగ్రీలు సైకిళ్ళ మీద బారులు తీరేవి. ఇంటికి రాగానే అది విప్పి లుంగీయో పంచో కట్టుకునేవారు. ఫ్యాషన్‌గా జీన్సు తొడుక్కోవడం తరవాతి మాట. అప్పట్లో దాని ధర చూసి సామాన్యుడు కొట్టు గుమ్మం ఎక్కేవాడు కాదు. 1995లో అరవింద్ మిల్లు వాళ్ళు రఫ్ అండ్ టఫ్ అని 195 రూపాయలకి ఒక కిట్టు తెచ్చారు. గుడ్డ, జిప్పు, రివిట్లు, బిళ్ళ అన్నీ అందులోనే. మన దర్జీకి ఇచ్చి కుట్టించుకోవడమే. ఇవాళ గోల్ బజార్ కొట్లలో కలకత్తా మెటియాబ్రూజ్ సరుకు వరసగా వేలాడుతుంటుంది. తెలుగువాడు, బెంగాలీ, ఒడియా, మార్వాడీ, అందరూ అవే కొంటారు.

ఇక్కడే అసలు ఆకర్షణ ఉందని నాకనిపిస్తుంది. డేనియల్ మిల్లర్, సోఫీ వుడ్‌వర్డ్ అనే ఇద్దరు పరిశోధకులు ఉత్తర లండన్‌లో మూడు వీధుల జనాన్ని జీన్సు గురించి అడిగి 2012లో ఒక పుస్తకం తెచ్చారు. వలస వచ్చినవాళ్ళతో సహా జనం జీన్సు తొడుక్కునేది ప్రత్యేకంగా కనపడటానికి కాదనీ, మామూలుగా కనపడటానికనీ వాళ్ళు తేల్చారు. మాలాంటి వలస ఊరివాళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. పంచె కట్టు చూసి ఊరు చెప్పొచ్చు. చీర కట్టు చూసి కులం కూడా చెప్పే రోజులు ఉండేవి. ఎవరు మోకాలి కిందకి కట్టాలో, ఎవరు రవిక తొడుక్కోకూడదో శాసించిన దేశం మనది. జీన్సు చూసి కులం చెప్పమనండి! పుట్టుకని చెప్పని బట్ట ఇది. కాపలాదారులకి కంటగింపు అందుకే కావచ్చు.

మూడో నీలివార్త అన్నిటికన్నా ప్రమాదకరమైనది. గాయకుడు ఏసుదాసు 2014 అక్టోబరు 2న తిరువనంతపురంలో మాట్లాడుతూ ఆడవాళ్ళు జీన్సు తొడుక్కుని ఇతరులని ఇబ్బంది పెట్టకూడదన్నారు. 2021 మార్చిలో అప్పటి ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రి తీరథ్ సింగ్ రావత్, చిరుగుల జీన్సు తొడుక్కున్న తల్లి పిల్లలకి ఏం సంస్కారం నేర్పుతుందని అడిగారు. పెద్దవాళ్ళ నోటి దురుసు అని నవ్వి ఊరుకుందామా? అదే ఏడాది జులైలో ఉత్తరప్రదేశ్ దేవరియా జిల్లాలో 17 ఏళ్ళ అమ్మాయి శవం వంతెనకి వేలాడుతూ కనిపించింది. జీన్సు తొడుక్కుందని తాత, బాబాయిలు కలిసి కొట్టి చంపారని ఆ పిల్ల తల్లే ఆరోపించింది. నీలివార్త ఊళ్ళోకి వెళ్ళి ఏం చేస్తుందో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

చదువుకున్న న్యాయమూర్తులూ దీనికి అతీతులు కారు. ఇటలీలో 1992లో ఒక 18 ఏళ్ళ అమ్మాయి మీద అత్యాచారం చేశాడని డ్రైవింగ్ నేర్పే మనిషికి కింది కోర్టులో శిక్ష పడింది. అక్కడి అత్యున్నత కోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. బిగుతు జీన్సుని, తొడుక్కున్నవాళ్ళ సహకారం లేకుండా ఇంకొకరు విప్పడం దాదాపు అసాధ్యం అన్నది ఆ కోర్టు చెప్పిన కారణాల్లో ఒకటి. 1999 ఫిబ్రవరిలో ఇది బయటికి రాగానే ఇటలీ పార్లమెంటులో మహిళా సభ్యులు జీన్సు తొడుక్కుని నిరసన చెప్పారు. ఆ ‘అసాధ్యం’ అన్న మాటని ఎవరు పరీక్షించి చూశారు? ప్రాణభయంతో ఉన్న మనిషి ఎలా ఉంటుందో ఎవరు లెక్కలోకి తీసుకున్నారు? నిరూపణ లేని ఒక నమ్మకం చట్టం వేషం వేసుకుంది, అంతే. జీన్సు అత్యాచారానికి అడ్డుగోడ కాదని 2008లో అదే కోర్టు ఒప్పుకుంది. ఒకచోట జీన్సు తొడుక్కుంటే రెచ్చగొట్టినట్టు, మరోచోట జీన్సు తొడుక్కుంటే ఒప్పుకున్నట్టు. రెండు చోట్లా నేరం అమ్మాయిదే!

మా ఊరి సంగతి కూడా చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఇక్కడ ఒక తెలుగు సంఘం ఉగాది ఏర్పాట్ల మీటింగులో ఒక పెద్దమనిషి జీన్సు తొడుక్కున్న ఆడపిల్లల్ని స్టేజి ఎక్కనివ్వకూడదని తీర్మానం పెట్టారు. చీర, లంగా ఓణీ, పంజాబీ డ్రెస్సు మాత్రమే అట.

“మగపిల్లల సంగతి ఏటండీ?” అని అడిగాను.

“మగపిల్లల మాట వేరు కదండీ. ఇది మన సంప్రదాయం.”

“మరి పంజాబు మన సంప్రదాయంలోకి ఎప్పుడొచ్చిందండీ? తమరు తొడుక్కున్న టెరికాటన్ ప్యాంటు ఏ పురాణంలోది?”

నలుగురూ నవ్వారు. నవ్విన నలుగురే చెయ్యెత్తి తీర్మానం నెగ్గించారు. మా మేనకోడలు ఆ సాయంత్రం కీబోర్డు వాయించవలసి ఉంది. కాలేజీలో పరీక్ష రాసి నేరుగా హాలుకి వస్తుంది. వచ్చింది, గుమ్మం దగ్గర ఆపారు. “మావయ్యా, వీళ్ళకి పాట కావాలా, పంజాబీ డ్రెస్సు కావాలా?” అని అడిగి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ పాట సెల్‌ఫోన్‌లోంచి వినిపించారు. రెండేళ్ళు నేర్చుకున్న పిల్ల చేతుల కన్నా కాళ్ళకున్న గుడ్డ ముఖ్యమైపోయింది. ఆ తరవాత ఏ పండక్కి పిలిచినా ఆ అమ్మాయి రాలేదు. తెలుగు పిల్లలు తెలుగుకి దూరమవుతున్నారని అదే సంఘం వాళ్ళు ఇప్పుడు బాధపడుతుంటారు.

ఎదుటి వైపు కూడా మూఢనమ్మకాలు తక్కువేమీ కాదు. జీన్సుని ఉతక్కూడదు, ఫ్రీజర్లో పెడితే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి అని ఒక చిట్కా తిరుగుతుంటుంది. ప్రయోగశాలల్లో సూక్ష్మజీవుల్ని నిలవ ఉంచేదే ఫ్రీజర్లలో! చలికి చాలావరకు అవి నిద్రపోతాయి, చావవు. ఉతక్కపోతే ఏమవుతుందో మాత్రం ఒకరు పరీక్షించి చూశారు. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి 15 నెలలు ఒకే జీన్సుని ఉతక్కుండా తొడుక్కుని, అధ్యాపకురాలి సాయంతో 2011లో దాని మీద బాక్టీరియాని లెక్కించాడు. తరవాత ఉతికి 13 రోజులు తొడుక్కుని మళ్ళీ లెక్కించాడు. రెండు లెక్కలూ ఇంచుమించు ఒకటే. ఒక్క మనిషి, ఒక్క ప్యాంటు మీద చేసిన పరీక్ష కాబట్టి దాన్ని సిద్ధాంతం అనలేం. కానీ నోటిమాట కన్నా నయం.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని పద్దుకి వద్దాం. తరుగుదలతో విలువ పెరుగుతుందన్నాను కదా. కంపెనీలు దాన్ని పట్టుకున్నాయి. మనం ఐదేళ్ళు తొడుక్కుంటే వచ్చే అరుగుదలని ఫ్యాక్టరీలోనే చేసి కొత్త ప్యాంటుగా అమ్మితే? సిపాయి బట్టయితే పనికిరాదని తీసేసే స్థితిలో ఉన్నది కొత్తదానికన్నా ఎక్కువ ధరకి పోతోంది. మరి ఆ ఐదేళ్ళ అరుగుదలని ఎవరో ఒకరు చెయ్యాలి కదా.

దానికి ఒక పద్ధతి ఇసుక జల్లడం. గొట్టంలోంచి గాలి ఒత్తిడితో ఇసుకని బట్ట మీదకి కొడతారు. రంగు పోతుంది. ఇసుక పగిలి సన్నని సిలికా దుమ్ము లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లో దిగబడితే సిలికోసిస్ వస్తుంది. దానికి మందు లేదు. గని కార్మికుల్లో పది, ఇరవై ఏళ్ళ పని తరవాత కనపడే ఈ జబ్బు, టర్కీలో జీన్సు మీద ఇసుక కొట్టే కుర్రాళ్ళకి కొద్ది ఏళ్ళకే వచ్చింది. కిటికీల్లేని గదుల్లో, సరైన ముసుగులు లేకుండా పనిచేసినవాళ్ళు. పలువురు చనిపోయారు. 2009లో టర్కీ ప్రభుత్వం ఈ పద్ధతిని నిషేధించింది. 2010లో లెవీస్, హెచ్ అండ్ ఎం ఇక తాము ఇది వాడబోమని ప్రకటించాయి. ఆ తరవాత కూడా బంగ్లాదేశ్, చైనాల్లో ఆ పని సాగినట్టు కార్మిక సంస్థలు బయటపెట్టాయి. లేజరుతోనూ, ఓజోన్‌తోనూ రంగు తీసే పద్ధతులు ఉన్నాయి, వాడకం పెరుగుతోంది కూడా. కానీ వాటికి యంత్రం కొనాలి. ఇసుక చవక, కుర్రాడి ఊపిరి ఇంకా చవక.

సిలికోసిస్ మాకు దూరపు మాట కాదు. ఖరగ్‌పూర్‌కి దగ్గర్లోనే ఝార్‌గ్రామ్ ప్రాంతంలో చించుర్‌గెరియా అనే ఊరుంది. అక్కడ రాతిపొడి మిల్లులో పనిచేసిన గిరిజనులు 1990ల్లో ఇదే జబ్బుతో వరసగా చనిపోయారు. కోర్టుకి వెళ్తేనే గానీ పరిహారం రాలేదు.

బెంగాల్‌కి నీలిమందు బాకీ ఇంకా పాతది. తోటల దొరలు రైతుకి దాదన్ పేరుతో అడ్వాన్సు ఇచ్చి, వరి పండే నేలలో నీలి వేయించేవారు. ఆ అడ్వాన్సు పద్దు ఎప్పటికీ మూసుకునేది కాదు, తండ్రి బాకీ కొడుకు ఖాతాలోకి వెళ్ళేది. 1859లో రైతులు నీలి వెయ్యమని తిరగబడ్డారు. దీనబంధు మిత్ర 1860లో నీల్ దర్పణ్ నాటకం రాస్తే, దాని ఇంగ్లీషు అనువాదాన్ని బయటికి తెచ్చిన జేమ్స్ లాంగ్ అనే పాదిరీకి 1861లో నెల జైలు, వెయ్యి రూపాయల జరిమానా వేశారు. ఈ బాధ తప్పించింది ఏ దేవుడో కాదు. అడాల్ఫ్ బేయర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త 1880లో నీలిమందుని కృత్రిమంగా తయారుచేశాడు, 1883 నాటికి దాని నిర్మాణం తేల్చాడు. 1897లో బీఏఎస్ఎఫ్ కంపెనీ దాన్ని బజారుకి తెచ్చింది. తోటల వ్యాపారం కుప్పకూలింది. కానీ చంపారన్‌లో బిఘాకి 20 కఠాల్లో 3 కఠాలు నీలి వెయ్యాలన్న నిబంధన 1917లో గాంధీ వెళ్ళేదాకా కదల్లేదు. సైన్సు దారి చూపిస్తుంది, అన్యాయాన్ని ఆపవలసింది మనుషులే.

ఒక ప్యాంటుకి పట్టే నీలిమందు కొన్ని గ్రాములు మాత్రమే. ఆ కొన్ని గ్రాములు ముందు రైతు వెన్ను విరిచాయి. వాటిని గీకి తీసెయ్యడానికి తరవాత కార్మికుడి ఊపిరి తీశారు. ఇన్నేళ్ళుగా జీన్సు మీద తీర్మానాలు చేస్తున్న పెద్దమనుషుల్లో ఒక్కరైనా ఈ పద్దు తెరిచారా? మోకాలి దగ్గర చిరుగు చూసి సంస్కృతి పోయిందన్నవాళ్ళు, ఆ చిరుగు చేసినవాడి ఊపిరితిత్తులు ఏమయ్యాయని అడగలేదు. నీలివార్తల వల్ల జరిగే అసలు నష్టం ఇది. అడగవలసిన ప్రశ్న మీదకి చూపు పోనివ్వవు.

మన రాజ్యాంగం 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని పెంపొందించడం పౌరుల విధి అంటోంది. 1976లో చేర్చిన మాట. రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయని గమనించండి. జీన్సు వల్ల ఫలానా చెడు జరిగిందని ఎవరైనా అంటే రుజువు అడగండి. ఆడిట్‌లో వోచరు లేని ఖర్చుని మేము ఒప్పుకోం, మీరూ ఒప్పుకోకండి. కొట్లో అరిగిన రంగు ప్యాంటు ముచ్చటగా కనపడితే, ఈ రంగు ఎలా తీశారని అడగండి. కొట్టువాడికి తెలియకపోవచ్చు. పదిమంది అడిగితే పైవాడిని అడుగుతాడు. లేదంటే ముదురు నీలానిది కొనుక్కుని మీరే అరగదియ్యండి. ఐదేళ్ళు పడుతుంది, ఎవరి ప్రాణమూ పోదు. మా మేనకోడలు ప్యాంటు నాలుగో ఏట ఉంది. మోకాళ్ళు ఇప్పుడిప్పుడే తెల్లబడుతున్నాయి.